కప్పుకు ముందటేడు కొన్న కాయిన్

ఆ ఏడాది దోహాలో మనవాళ్ళు ఏ ఇద్దరు కలిసినా మాట చివరికి ఒక్కచోటికే వచ్చేది. ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు అయిపోయాక మన సంగతేమిటి? స్టేడియాలు పూర్తవుతున్నాయి. రోడ్లు తవ్విన చోటే మళ్ళీ తవ్వి వేస్తున్నారు. పని ఎంత ఉందో భయమూ అంతే ఉంది. ఇంత పనీ ఒక్కసారిగా ఆగితే కంపెనీలు అందరినీ ఇంటికి పంపేస్తాయని కొందరు, ఏమీ కాదని కొందరు. మా అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "దుబాయ్‌ల ఆటలు అయిపోంగనే మిమ్ముల ఎల్లగొడ్తరంట గదా?" అని అడిగేది. ఇది దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

మేము అల్ హిలాల్‌లో ఒక పాత విల్లాలో ఉండేవాళ్ళం. విల్లా అనడానికి పెద్దమాటే. ఓనరు దాన్ని పలుచటి గోడలతో నాలుగు కుటుంబాలకు సరిపోయేలా చీల్చాడు. మా వాటాకు ఒక గది, ఒక ఇరుకు వంటిల్లు వచ్చాయి. మా ఆయన ఒక స్టేడియంలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే సాయంత్రానికి దుమ్ముకొట్టుకుని దిగేవాడు. నేను పెళ్ళికి ముందు కరీంనగర్‌లో ఒక షేర్ బ్రోకర్ ఆఫీసులో పనిచేశాను. కస్టమర్లు ఫోన్ చేసి కొనమన్నవి కొనడం, అమ్మమన్నవి అమ్మడం నా పని. ఆయన వీసా మీద ఇక్కడికి వచ్చాక ఆ పని సంగతి నన్ను అడిగినవాళ్ళు లేరు. నేను కూడా దాదాపు మరిచిపోయాను.

గోడకు అవతలి వాటాలో ఆపా ఉండేది. అక్కను వాళ్ళు అలా పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. బోధన్ మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బురఖాలు సరిచేసేది, స్కూల్ యూనిఫాంలు కుట్టేది. ఆమె మిషన్ చప్పుడు మా గోడలోంచి వినిపిస్తుంటేనే నాకు పగలు గడిచేది. ఆమె భర్తను నేను భాయ్‌సాబ్ అనేదాన్ని. ఆయన ఒక కంపెనీలో మందూబ్. అంటే పనివాళ్ళ వీసాలు, ఐడీ కార్డుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. నలుగురిలో తిరిగేవాడు కాబట్టి నాలుగు రకాల కబుర్లూ ఆయనకే ముందు తెలిసేవి.

ఒక మధ్యాహ్నం ఆపా సగం కుట్టిన యూనిఫాం చేతిలో పట్టుకునే మా తలుపు తట్టింది.

"చెల్లే, నువ్వు షేర్ల ఆఫీసుల పనిచేసినవ్ గదా. ఈ బిట్‌కాయిన్ అంటే ఏంది?"

"ఎందుకాపా?"

"మా ఆయనకు పొద్దున లేస్తే అదే పాట. కంపెనీల ఎవడో కొంటే డబల్ అయిందంట. కప్పు అయినంక కొలువు ఉంటదో ఉండదో, ఇప్పుడే నాలుగు పైసలు చేసుకోవాలె అంటడు. నా మిషన్ పైసలు ఇయ్యమంటున్నడు."

మిషన్ పైసలంటే ఆమె కుట్టి కూడబెట్టుకున్నవి. ఎప్పటికైనా సొంతంగా ఒక కుట్టు కార్ఖానా పెట్టి, పదిమంది ఆడవాళ్ళకు పని ఇవ్వాలని ఆమె కోరిక. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు మెరిసేవి.

"నువ్వేమన్నవ్ మరి?"

"పక్కింటి చెల్లె చూసి సరే అంటేనే ఇస్త అన్న. ఇగ నీదే భారం."

నాకు భయమేసింది. భయంతో పాటు సంతోషం కూడా కలిగిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక మనిషి నా దగ్గరికి ఆ పని కోసం వచ్చింది.

తర్వాతి శుక్రవారం నమాజు అయ్యాక భాయ్‌సాబ్ మమ్మల్నిద్దరినీ కారులో మెసైమీర్ అనే పేటకు తీసుకుపోయాడు. కాయిన్లు అమ్మే మనిషి ఒక చాయ్ దుకాణం బయట కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు, మర్యాదైన హిందీ. మాకు చిక్కటి కరక్ చాయ్ తెప్పించాడు. రియాళ్ళు చేతికిస్తే కాయిన్ ఫోన్‌లోకి వస్తుందని చెప్పాడు. మార్కెట్‌లో ధర ఎంతుందో నేను నా ఫోన్‌లో చూశాను. ఆయన చెప్పింది దానికంటే బాగా ఎక్కువ ఉంది. అడిగితే సర్వీసు ఛార్జీ అన్నాడు.

"ఇవి ఆపా పేరు మీద ఉంటాయా?" అని హిందీలో అడిగాను.

"పేరనేదే ఉండదు సిస్టర్. దీని గొప్పతనమే అది," అంటూ ఒక కాగితం చూపించాడు. అందులో వరసగా కొన్ని ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. "ఈ మాటలు ఎవరి దగ్గరుంటే కాయిన్ వాళ్ళది."

ఆపా ఆ కాగితం వైపే చూస్తూ అడిగింది. "ఇది పోతే?"

"పోకుండా చూసుకోవాలి."

"నాకేమన్నా అయితే బోధన్‌ల ఉన్న నా బిడ్డకు ఎట్ల తెలుస్తది?"

"ముందే చెప్పి పెట్టాలి."

"ముందే చెప్తే ముందే తీసుకుంటది," అని ఆపా నవ్వింది. ఆ మనిషీ నవ్వాడు. భాయ్‌సాబ్ మాత్రం నవ్వలేదు. ఆపా చాయ్ తాగేసి, చున్నీ సర్దుకుని లేచి నిలబడింది. "నక్కో," అని మాత్రం అంది. వద్దని.

తిరుగుదారిలో భాయ్‌సాబ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలోంచి నన్ను చూసి అన్నాడు. "ఆయన నా దోస్తుకు దోస్తు. ఇద్దరు కలిసి నా ఇజ్జత్ తీసిన్రు."

"ఇజ్జత్ ఇంట్లనే ఉంది, పైసలు కూడ ఇంట్లనే ఉన్నయ్. కైకు కోపం?" అంది ఆపా.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే సలాం చెప్పి తల తిప్పుకునేవాడు. నాకు బాధగానే ఉండేది. కానీ 'ఇది పోతే?' అని ఆపా అడిగిన ప్రశ్న నాలో పని మొదలుపెట్టింది. కాయిన్ కావాలనుకునేవాళ్ళు అందరూ ఇలా చాయ్ దుకాణాల దగ్గరే కొంటున్నారా? పగలంతా ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. కరీంనగర్ ఆఫీసులో మేము బంగారం ఫండ్లు కొనిపెట్టేవాళ్ళం. ఒక సంస్థ బంగారం కొని ఖజానాలో దాస్తుంది. దాన్ని చిన్న చిన్న వాటాలు చేసి షేర్ల లాగా మార్కెట్లో పెడుతుంది. నగ చేతికి రాదు, దొంగల భయమూ ఉండదు. జర్మనీ, స్విట్జర్లాండ్ మార్కెట్లలో బిట్‌కాయిన్‌కు కూడా అలాంటివి ఉన్నాయని అప్పుడే తెలుసుకున్నాను. అమెరికాలో కూడా కొత్తగా ఒకటి మొదలైంది. అయితే అది కాయిన్‌ను దాచదు, ముందు ముందు ధర ఎంతుంటుందన్న ఒప్పందాలను కొంటుంది. గడువు తీరేకొద్దీ వాటిని మార్చుకుంటూ పోవడానికే ఖర్చు అవుతుంది. కాయిన్‌నే దాచేదయితే లెక్క సూటిగా ఉంటుందని నాకు అనిపించింది.

మా ఆయనకు చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఏ దారిల కొన్నా జూదమే గదనే?"

"ధర పడితే ఇది కూడ పడ్తది. ఆ భయం ఎక్కడికీ పోదు. కాగితం పోవుడు, అమ్మినోడు పారిపోవుడు, పాస్‌వర్డ్ మర్చిపోవుడు, ఈ భయాలు మాత్రం ఉండయ్. అకౌంట్ మన పేరు మీద ఉంటది. నామినీ రాసుకోవచ్చు. మార్కెట్ తెరిచిన ఏ రోజైన అమ్ముకోవచ్చు."

ఆయన కొంచెం ఆలోచించి, "నువ్వు ఇంత గట్టిగ మాట్లాడి శాన రోజులైంది," అని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. అది ఒప్పుకోవడమేనని నాకు తెలుసు.

ఆపాకు ఇదంతా ఆమె మిషన్ పక్కన కూర్చుని చెప్పాను. ఆమె ముందుగా బోధన్‌లో తన పెద్దన్నకు ఫోన్ చేసింది. ఆయన మదర్సాలో చదువు చెప్పే మనిషి. మతం ప్రకారం ఇది చెల్లుతుందనే పెద్దలూ ఉన్నారు, చెల్లదనేవాళ్ళూ ఉన్నారు, అప్పు తెచ్చి మాత్రం చేయకు, పోతే ఏడ్చేంత పెట్టకు అని ఆయన చెప్పాడట. ఆపాకు ఆ మాట నచ్చింది. కూడబెట్టినదాంట్లో సగం ముట్టుకోవద్దని అనుకున్నాం. మిగిలిన సగంలో ఎక్కువ భాగం ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నిటి షేర్లూ కలిసి ఉండే ఒక ఫండ్‌లో, చిన్న భాగం కాయిన్ ఫండ్‌లో. నేను కూడా నా దగ్గరున్న కొద్దిపాటితో అలాగే చేద్దామనుకున్నాను.

తీరా విదేశీ బ్రోకర్ దగ్గర అకౌంట్ తెరవబోతే చిక్కొచ్చి పడింది. ఇంటి అడ్రసుకు రుజువు కావాలన్నారు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంది. అద్దె కాగితం ఎవరి పేరు మీద ఉందో దేవుడికే తెలియాలి. నేను పంపిన కాగితమల్లా తిరిగొచ్చేది. చివరికి ఒక సాయంత్రం ఆపా వాళ్ళ ఇంట్లో కూర్చుని, ఇక వదిలేద్దామని అన్నాను.

అప్పటిదాకా టీవీ చూస్తున్నట్టు నటిస్తున్న భాయ్‌సాబ్ తల తిప్పాడు.

"ఏం కాగితం అడుగుతున్నరు?"

చెప్పాను. ఆయన నవ్వాడు. మెసైమీర్ పోయొచ్చాక నాతో నవ్వడం అదే మొదటిసారి.

"అరే చెల్లే, పదహారేండ్ల సంది నేను చేస్తున్న పనే ఇది. నన్నొక్క మాట అడగొద్దా?"

మర్నాడే ఆయన పనిలోకి దిగాడు. బ్యాంకులో అడ్రసు నమోదు చేయించాడు. మా ఇద్దరి స్టేట్‌మెంట్ల మీదా అది సరిగ్గా పడేలా చూశాడు. పేరులో ఒక అక్షరం తేడా వస్తే మళ్ళీ వెళ్ళి దిద్దించాడు. కౌంటర్‌లో ఎవరితో అరబీలో మాట్లాడాలో, ఎవరితో మలయాళంలో మాట్లాడాలో ఆయనకు బాగా తెలుసు. వారం తిరక్కుండానే అకౌంట్లు తెరుచుకున్నాయి. ఆ రోజు ఆయన మా ఇద్దరికీ చెరొక కునాఫా మిఠాయి డబ్బా తెచ్చాడు. మనసులో ఏదైనా మిగిలి ఉంటే దాంతో తుడిచిపెట్టుకుపోయింది.

శుక్రవారం ఇక్కడ సెలవు. యూరప్ మార్కెట్లు మాత్రం తెరిచే ఉంటాయి. అందుకని కొనడానికి శుక్రవారం మధ్యాహ్నమే పెట్టుకున్నాం. ఆపా పండక్కి వేసుకునే జరీ చున్నీ కప్పుకుంది. భాయ్‌సాబ్ బిర్యానీ దించాడు. మా ఆయన బస్సు లేని రోజు కాబట్టి స్నానం చేసి తీరిగ్గా వచ్చాడు. వాళ్ళ ఇరుకు గదిలో నేల మీద నలుగురం నా ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం. ఆర్డర్ పెట్టాను. తెర మీద ఆపా పేరు, పక్కన ఫండ్ పేరు వచ్చాయి.

"ఇంతేనా?" అంది ఆపా.

"ఇంతే."

"నా పేరు ఇంగ్లీషుల మంచిగ కనబడ్తున్నది," అని మెల్లగా చదువుకుంది.

మేము కొన్నది ధర బాగా పైన ఉన్నప్పుడని తర్వాత తెలిసింది. కొన్నాళ్ళు అటూ ఇటూ ఊగి, చలికాలం వచ్చేసరికి కిందికి దిగడం మొదలుపెట్టింది. మాకంటే భాయ్‌సాబ్‌కే ఎక్కువ బాధ. కాయిన్ ధరకు సెలవు లేదు, శని ఆదివారాలు కూడా కదులుతూనే ఉంటుంది. మా ఫండ్ ఉన్న మార్కెట్‌కేమో ఆ రెండు రోజులు తాళం. శనివారం కాయిన్ పడిందంటే, సోమవారం మార్కెట్ తెరిచేదాకా ఏమీ చేయలేం. ఆ రెండు రోజులూ ఆయన ఫోన్ చూస్తూ వాకిట్లో తిరిగేవాడు.

"చేతుల ఉంటే ఇప్పుడే అమ్మేద్దుము," అని ఒకసారి విసుక్కున్నాడు.

"అందుకే చేతుల లేకపోవుడు మంచిగైంది," అంది ఆపా, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

రంజాన్ వెళ్ళి ఎండలు ముదిరేసరికి కాయిన్ భాగం సగానికంటే తక్కువకు పడిపోయింది. ఒక రోజు భాయ్‌సాబ్ దోహా బయట ఉన్న ఉమ్ సలాల్ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. అక్కడొక తోటలో వాళ్ళ ఊరి డ్రైవర్ ఒకడు ఉండేవాడు. మెసైమీర్‌లో మాకు చాయ్ తాగించిన మనిషి దగ్గరే కాయిన్లు కొని, ఎక్కువ వడ్డీ ఇస్తామన్న ఏదో యాప్‌లో దాచాడు. ఆ యాప్ డబ్బు వెనక్కి ఇవ్వడం ఆపేసింది. ధర ఎంతైనా పర్వాలేదు, అమ్ముకుంటానన్నా దారి లేదు. అమ్మిన ఆ మనిషికి ఫోన్ చేస్తే మోగడం లేదు. భాయ్‌సాబ్ ఇదంతా చెప్పి, ఆపా వైపు చూసి, "ఆ రోజు నువ్వు లేచి నిలబడకుంటే ఇప్పుడు నేను కూడ గట్లనే ఉందును," అన్నాడు. ఆపా లేచి ఆయనకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ డ్రైవర్ కోసం భాయ్‌సాబ్ చాలా తిరిగాడు. డబ్బు రాలేదు గాని, కంపెనీ మారడానికి కాగితాలన్నీ తనే చేసిపెట్టాడు. కొత్త కొలువులో అతనికి జీతం మెరుగైంది. మనిషి మళ్ళీ తేరుకున్నాడు.

ఆ ఎండల్లోనే ఆపాకు ఒక కబురొచ్చింది. కప్పు కోసం కొత్త హోటళ్ళు తెరుస్తున్నారు. అందులో ఒక హోటల్‌కు యూనిఫాంలు విదేశం నుంచి వచ్చాయి గాని ఎవరి ఒంటికీ సరిపోవడం లేదు. పొడుగు తగ్గించాలి, నడుము బిగించాలి. ఆ పని పట్టిన టైలరింగ్ షాపు యజమానురాలు, తన ఒక్కదానివల్ల అంత పని కాదు, సగం మీరు చేస్తారా అని ఆపాను అడిగింది. ఆమె దగ్గరున్నది ఒకటే మిషన్. ఇంకో మిషన్, అంచులు కుట్టే మిషన్, సాయానికి మనుషులు కావాలి.

ఆమె నా దగ్గరికొచ్చి కూర్చుంది. "చెల్లే, ఏది అమ్మమంటవ్?"

"నేను అమ్మమని చెప్పను, ఉంచమని చెప్పను ఆపా. రెండు ఎంతెంత ఉన్నయో చూపిస్త."

చూపించాను. పెద్ద కంపెనీల ఫండ్ కొంచెమే తగ్గింది. కాయిన్ ఫండ్ నేలమీద ఉంది. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ పెద్దది అమ్ముదాం. మిషన్ కొంటే అది రేపటి సంది సంపాయిస్తది. కాయిన్ ఉండనీ. అది పోయినా నా కూడు పోదు అనుకునే పెట్టిన గదా."

ఆ రోజే అమ్మాం. కొద్ది రోజుల్లో డబ్బు ఆమె బ్యాంకులోకి వచ్చింది. ఫోన్‌లో ఆ మెసేజ్ చూసి ఆమె నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "నిజంగనే తిరిగొచ్చింది చూడు," అని నాలుగుసార్లు అంది.

టైలరింగ్ షాపు వాళ్ళు తమ వెనకగదిలోనే చోటిచ్చారు. ఆపా మూడు మిషన్లు పెట్టింది. శ్రీలంక ఆవిడ ఒకరు, మా విల్లాలోనే ఉండే నెల్లూరు ఆవిడ ఒకరు వచ్చి చేరారు. నేను గుండీలు కుట్టాను, లెక్కలు చూశాను. కుట్టడం నాకు రాదు. మొదటి రోజు నేను కుట్టిన గుండీలన్నీ ఆపా విప్పి మళ్ళీ కుట్టింది. అయినా ఆ గదిలో ఉన్నంత సంతోషంగా నేను దోహాలో అంతకుముందు ఎక్కడా లేను. నెల్లూరు ఆవిడ ఒకరోజు బిడియపడుతూ అడిగింది. "ఆ ఫండ్ల సంగతి నాకూ కాస్త చెప్తావా అమ్మాయ్? మా ఆయన అన్నీ చిట్టీల్లోనే పెడుతున్నారు." అలా మొదలై, శుక్రవారాల్లో మా గదిలో ఆరుగురు ఆడవాళ్ళు కూర్చోవడం దాకా వచ్చింది. ఎవరినీ ఏదీ కొనమని నేను చెప్పలేదు. ఏది కొంటే ఏం చేతికొస్తుంది, ఏం పోవచ్చు, ఎవరి పేరు మీద ఉంటుంది అన్నది మాత్రం చెప్పేదాన్ని. ఎక్కువ లాభం ఖాయమని చెప్పేవాళ్ళను చూస్తే లేచి వచ్చేయమని కూడా చెప్పేదాన్ని. టైలరింగ్ షాపు యజమానురాలు నేను రాసే లెక్కలు చూసి, తన అకౌంట్లు నన్ను చూడమంది. భాయ్‌సాబ్ మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పనిచేసుకోవడానికి నాకు పర్మిట్ చేతికొచ్చింది.

కప్పు దగ్గరపడేకొద్దీ ఊరు పెళ్ళిపందిరిలా తయారైంది. మా వీధిలో ప్రతి కిటికీకీ ఏదో ఒక దేశం జెండా. సరిగ్గా ఆ రోజుల్లోనే కాయిన్ ధర మేము చూసిన వాటన్నిటికంటే కిందికి పోయింది. ఆ సంగతి చెబితే ఆపా, "పోనీ, దానికి కూడ పండుగ సెలవు కావచ్చు," అని నవ్వి, ఇస్త్రీ చేసిన యూనిఫాంలు కారులోకి ఎక్కించింది. మా ఆయన వైరింగ్ చేసిన స్టేడియంలో దీపాలు వెలిగించి చూసిన సాయంత్రం ఆయన నాకు వీడియో కాల్ చేశాడు. ఫోన్ దీపాల వైపు తిప్పి పట్టుకున్నాడు, అంతే.

కప్పు అయిపోయింది. కొందరు వెళ్ళిపోయారు, ఆ మాట అబద్ధం కాదు. మా ఆయనను కంపెనీ మెయింటెనెన్స్ పనిలోకి మార్చింది. భాయ్‌సాబ్‌కు పని ఇంకా పెరిగింది, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ కాగితాలు కావాలి కదా. ఆపా కుట్టుగది ఆగలేదు. హోటళ్ళలో పనివాళ్ళు మారుతూనే ఉంటారు, నడుములూ మారుతూనే ఉంటాయి.

కాయిన్ మేము కొన్న ధరకు తిరిగి రావడానికి రెండేళ్ళు దాటింది. వస్తుందని నాకు ముందే తెలుసని చెప్పలేను. రాకపోయినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు. ఆ వారం ఆపాకు చెబుదామని కుట్టుగదికి వెళ్ళాను. ఆమె గుడ్డ కత్తిరిస్తోంది.

"ఆపా, కాయిన్..."

"తెలుసు. మొన్ననే సగం అమ్మిన."

"ఎవరు చేసిచ్చిన్రు?"

"నేనే చేసుకున్న చెల్లే. మా ఆయనకు కూడ చెప్పలే," అని కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "బోధన్‌ల బస్‌స్టాండ్ ఎన్క కార్ఖానాకు సరిపోయే ఒక షెడ్ ఖాళీగ ఉన్నదంట. మా బిడ్డ పోయి చూసొచ్చింది. ఆరు మిషన్లు పడ్తయంట. ఇటు రా, కూసో. అద్దె ఎంత చెప్పిన్రో చెప్త, ఎక్కువనో తక్కువనో నువ్వు చెప్పు."